పదమూడు మంది సంతోషం ఒకే చేతిరాతలో

ఒక మనిషికి ఆ రోజు జరిగిన మంచిని ఇంకో మనిషి చూసి, చీటీ మీద రాసి, కింద ఆ మొదటి మనిషి పేరు పెడితే అది అబద్ధమవుతుందా? నేను పుస్తకాలు చదివే మనిషిని. చదివిన వాటిలో ఎక్కడో ఒకచోట జవాబు దొరక్కపోతుందా అని చాలాకాలం వెతికాను. దొరకలేదు. ఈ వయసులో ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. అందుకే ఆ ప్రశ్న పుట్టిన చోటునైనా సరిగ్గా రాసిపెడదామని కూర్చున్నాను.

ఆ చోటు ఒక పెద్దాసుపత్రి అడుగు అంతస్తు. పైన వార్డులు, ఆపరేషన్ గదులు, అద్దాల వరండాలు. కింద లాండ్రీ. నేను అక్కడ బట్టల స్టోరు చూసేవాణ్ణి. నా కౌంటరు సరిగ్గా దారిలో ఉండేది. లోపలికొచ్చినా బయటికెళ్లినా నా ముందు నుంచి పోవాల్సిందే. దుప్పట్లు, దిండు గలీబులు, గౌన్లు లెక్కచూసి పైకి పంపడం నా పని. పని లేనప్పుడు సొరుగులోంచి పుస్తకం తీసేవాణ్ణి.

లాండ్రీలో పద్నాలుగు మంది ఉండేవాళ్లు. మురికి బట్టలు విడదీసేవాళ్లు కొందరు, ఉతికే మిషన్ల దగ్గర కొందరు, ఇస్త్రీ రోలరు దగ్గర ఇద్దరు, మడతల బల్ల దగ్గర నలుగురు. మడతల బల్లకు పెద్ద ఒకావిడ. యాభై దాటిన సన్నటి మనిషి. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్ను గుచ్చి ఉండేది. అందరూ ఆవిణ్ణి బొంగరం అనేవాళ్లు. మేమిద్దరం కలిసి పనిచేసిన పంతొమ్మిదేళ్లలో ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. టిఫిన్ డబ్బా మూత అరచేతిలో పెట్టుకుని నిలబడే తినేది. తింటూ కూడా ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు.

"కాసేపు ఆగు తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అనేవాడు ఇస్త్రీ రోలరు నడిపే పెద్దాయన.

"ఆగితే పడిపోతాను మావయ్యా" అనేది ఆవిడ, ఆగకుండానే.

ఆ పెద్దాయన లాండ్రీ మొత్తానికి మావయ్య. పైనుంచి దిగొచ్చే డాక్టర్లు కూడా ఆయన్ని మావయ్యా అనే పిలిచేవాళ్లు. ఇంకో రెండేళ్లలో రిటైరవ్వాలి.

బొంగరం భర్త రొట్టెల బట్టీలో రాత్రి షిఫ్టు. ఈవిడ పొద్దున ఇల్లు వదిలాక ఆయన వచ్చేవాడు. ఈవిడ చేరేసరికి ఆయన బయల్దేరిపోయేవాడు. "మా కాపురమంతా చీటీల మీదే నడిచిందన్నయ్యా" అని నాతో అనేది. గిన్నె మూత మీద ఈవిడ చీటీ: 'కూర కింద గిన్నెలో ఉంది. కుళాయి ఈసారి గట్టిగా తిప్పొద్దు.' దాని వెనకే ఆయన జవాబు: 'తిప్పలేదు. దానంతటదే ఊడింది.' పోట్లాటలు కూడా అలాగే. "నోటితో తిట్టుకుంటే మర్చిపోవచ్చు. ఈయన కాగితాలన్నీ దాచిపెడతాడు, రుజువుకి" అని నవ్వేది.

అలా చేతికి రాత అలవాటైన మనిషి కాబట్టి, లాండ్రీలో రాయాల్సినవన్నీ ఆవిడే రాసేది. మిగతావాళ్లకు చదువు రాక కాదు. పొద్దస్తమానం నీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడతాయి, పెన్ను జారిపోతుంది. రోలరు దగ్గరివాళ్ల వేళ్లు వేడికి కాయలు కాస్తాయి, కాగితం పట్టుకున్నట్టే తెలియదు. మడతల బల్ల దగ్గరే చేతులు పొడిగా ఉంటాయి. సెలవు చీటీలు ఆవిడే రాసేది. నా కౌంటరు పక్క మేకుకు వేలాడే ఫిర్యాదుల పుస్తకమూ ఆవిడే రాసేది.

ఒక ఏడాదిగా ప్రతి సోమవారం ఆ పుస్తకంలో ఒకటే వాక్యం ఉండేది: 'ఇస్త్రీ గదిలో వేడిగాలి లాగే ఫ్యాను చెడిపోయింది. కొత్తది కావాలి.' మరుసటి సోమవారం అదే వాక్యం, కింద 'పోయిన వారం రాసిందే' అని. ఇస్త్రీ గది కిటికీ లేని గది. ఇద్దరు మనుషులంత పొడవున్న రోలరు ఆవిరి కక్కుతూ తిరుగుతుంటే, గోడ మీద చచ్చిపోయిన ఫ్యాను బూజు పట్టి చూస్తుండేది. మావయ్య తలకు తడి తువ్వాలు చుట్టుకుని పనిచేసేవాడు. అరగంటకోసారి దాన్ని కుళాయి కింద తడుపుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మేడమ్ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మనస్తత్వశాస్త్రం చదివింది. ఉద్యోగుల బాగోగులు చూడటానికి ఆసుపత్రివాళ్లు కొత్తగా పెట్టుకున్నారు. నేను చేరినప్పటి నుంచి మా కిందికి దిగొచ్చి 'మీరెలా ఉన్నారు' అని అడిగిన మొదటి మనిషి ఆమే. ఇస్త్రీ గదిలో పది నిమిషాలు నిలబడింది. కళ్లజోడు ఆవిరికి మసకేసింది. తీసి తుడుచుకుంది.

"చెడును గుర్తుపెట్టుకోవడం మనసుకి ఎవరూ నేర్పక్కర్లేదండీ, అదే చేసుకుపోతుంది" అంది అందరినీ చుట్టూ నిలబెట్టుకుని. "మంచి అలా కాదు. ఆగి చూస్తేనే నిలుస్తుంది. రోజూ డ్యూటీలో మీకు జరిగిన మంచి ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, చీటీ మీద రాసి ఈ సంచిలో వేయండి. ఆరు వారాలు చేసి చూడండి."

"నాకు జరిగే మంచి ఒక్కటేనమ్మా, గంట కొట్టగానే ఇంటికెళ్లడం. రోజూ అదే రాయనా?" అన్నాడు మావయ్య.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆకుపచ్చ గుడ్డ సంచి ఒకటి తెచ్చి ఫిర్యాదుల పుస్తకం పక్కనే ఇంకో మేకుకు తగిలించింది. చీటీలు లెక్కపెట్టి శనివారం ఆమెకు ఇవ్వడం నా వంతు.

మొదటి శనివారం సంచి బోర్లిస్తే వారం మొత్తానికి పదకొండు చీటీలు రాలాయి. పదింటి మీద 'బాగుంది' అని ఉంది. పదకొండోది సబ్బు రేపరు. మేడమ్ మొహం చిన్నబోయింది. అయినా థాంక్సండీ అని చెప్పి మెట్లెక్కి వెళ్లింది.

"మొహం చూశావా అన్నయ్యా?" అంది బొంగరం నా కౌంటరు మీద వేళ్లతో తాళం వేస్తూ. "మనకోసం ఇన్ని మెట్లు దిగొచ్చింది. ఉత్త చేతుల్తో పంపితే ఎట్లా?"

సోమవారం నుంచి భోజనాల వేళ డబ్బా మూత చేత్తో పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయేది. "ఇవాళ నీకేం మంచి జరిగింది?"

"ఏముంది, చావలేదు" అంది మిషన్ల దగ్గరుండే సోడాబుడ్డి అక్క. దళసరి కళ్లజోడు కాబట్టి ఆవిడకా పేరు.

"అది నిన్నటి చీటీ. ఇవాళ్టిది చెప్పు."

ఎవరూ చెప్పేవాళ్లు కాదు. చెప్పకపోతే ఆవిడే చూసేది. అటూ ఇటూ తిరిగే మనిషి కదా, తిరుగుతూ చూసేది. సాయంత్రానికి ముడిలోంచి పెన్ను తీసి, మడతల బల్ల అంచు మీద టకటకా రాసేసేది. నేను కొన్ని ఇప్పటికీ అప్పజెప్పగలను. సోడాబుడ్డి అక్క పేరుతో: 'పిల్లల గౌను జేబులో పెన్సిలు బొమ్మ ఒకటి దొరికింది. తడవకముందే తీశాను.' మావయ్య పేరుతో: 'పిల్లల వార్డు దుప్పటి రోలరులోంచి ఒక్క ముడత లేకుండా వచ్చింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను.'

రోజుకు పదమూడు చీటీలు. పదమూడు పేర్లు. ఒకటే చేతిరాత.

"నీదేదమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"నాది రాయాలంటే నేను ఆగాలిగా అన్నయ్యా" అంటూ వెళ్లిపోయింది.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. సాయంత్రం పోతూ పోతూ ఒక్కొక్కరే నా కౌంటరు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. "చదవండి స్టోరుగారూ, ఇవాళ నేనెంత సుఖపడ్డానో వినాలని ఉంది" అనేవాడు మావయ్య వెటకారంగా. చదివేవాణ్ణి. విన్నాక ఆ వెటకారం ఉండేది కాదు. "అవును. ఆ దుప్పటి చూశాను" అన్నాడు ఆ రోజు మెల్లగా. "నేను చూడటం ఈ బొంగరం ఎప్పుడు చూసింది?"

నెల తిరిగేసరికి వాళ్లే ఆవిడ కోసం మంచి దాచిపెట్టి తేవడం మొదలుపెట్టారు. "బొంగరం, ఇది రాసుకో, మర్చిపోతాను" అని మిషన్ల చప్పుడు మీదుగా అరిచేవాళ్లు. నాగాలు తగ్గాయి. సబ్బుపొడి డబ్బా ఎవరు మూత పెట్టలేదన్న రోజువారీ యుద్ధం ఆగిపోయింది. ఆరు వారాలు అయ్యాక మేడమ్ ఒక గ్రాఫు తెచ్చి గోడకు అంటించి, ఇంకొన్నాళ్లు సాగించమంది. గీత పైకి పోతోంది. అది మేడమ్ చదువు గొప్పతనమో, బొంగరం కళ్ల గొప్పతనమో నేను చెప్పలేను. గీత మాత్రం నిజంగానే పైకి పోయింది.

అలా సాగిన నాలుగు నెలల్లో ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు.

మానేయాలనుకుని మానలేదు ఆవిడ. పదమూడు చీటీలు అయ్యేసరికి గంట కొట్టేది. ఒక సోమవారం పోయింది, ఇంకోటి పోయింది. పుస్తకం నా మోచేతికి జానెడు దూరంలో వేలాడుతుండేది. అట్ట మీద పత్తి దూగర పేరుకోవడం నేను చూశాను. వచ్చే వారం రాస్తుందిలే అనుకుని నా పుస్తకంలో పేజీ తిప్పుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ కొత్త ఫ్యాను ఒకటి ట్రాలీ మీద తోసుకుంటూ మా ముందు నుంచి పోయాడు. బొంగరం మడత వదిలేసి పరిగెత్తింది.

"మాదేనా బాబూ?"

"కాదమ్మా, వంటగదికి."

ఆవిడ ఆ ఊపులోనే మెట్లెక్కి మేనేజరు గదికి వెళ్లింది. పావుగంటలో తిరిగొచ్చింది. మేనేజరు ఆవిడకు ఫైలు తీసి చూపించాడట. వంటగదివాళ్లు వారం వారం ఫిర్యాదు రాశారు. లాండ్రీ నుంచి నాలుగు నెలలుగా ఒక్క మాట లేదు. పైగా, ఆసుపత్రి మొత్తం మీద ఎక్కువ సంతోషంగా ఉన్నది లాండ్రీవాళ్లేనని మేడమ్ రిపోర్టు. 'ఉన్నది ఒక్క ఫ్యాను. బాధపడేవాళ్లకివ్వనా, హాయిగా ఉన్నవాళ్లకివ్వనా? నువ్వే చెప్పు' అన్నాడట.

"ఏం చెప్పను అన్నయ్యా? ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అంటూ మేకుకున్న పుస్తకం తీసి పేజీలు వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. "నేనే. రాసేదాన్ని నేనే, మానేసిందాన్ని నేనే."

"నీ తప్పేంలేదమ్మా" అన్నాను. మరి ఎవరిదో చెప్పలేదు.

అప్పటికప్పుడు మళ్లీ రాసింది. వచ్చే ఏడాది చూద్దామని జవాబు వచ్చింది. మావయ్యకు చెబితే, "పోన్లేవే, ఇన్నాళ్లు ఉడికినవాణ్ణి, ఇంకో ఏడాది ఉడికితే మెత్తబడతాను" అని తువ్వాలు తడుపుకోవడానికి పోయాడు.

నాలుగోరోజు మూడు గంటలప్పుడు రోలరు చప్పుడు మారింది. ఆ తేడా ముందు తెలిసింది బొంగరానికే. గుడ్డ మాడిన వాసన వచ్చేలోపే ఇస్త్రీ గదిలోకి దూకి ఎర్ర స్విచ్చి నొక్కింది. మావయ్య నేల మీద పడి ఉన్నాడు. రోలరు వైపు కాకుండా ఇవతలికి పడ్డాడు, అదృష్టం. దుప్పట్ల ట్రాలీ మీదే పడుకోబెట్టి లిఫ్టులో పైకి తీసుకెళ్లాం. ఆవిడ ట్రాలీ పట్టుకుని నడవలేదు, దాని చుట్టూ తిరుగుతూ వచ్చింది.

సాయంత్రానికి కళ్లు తెరిచాడు. పరుపు మీది దుప్పటిని చేత్తో తడిమి, "ఇస్త్రీ ఎవరు చేశారో గాని బాగా చేశారే" అన్నాడు.

నవ్వాం. వరండాలోకి వచ్చాక డాక్టరు నవ్వలేదు. వేడి దెబ్బ అన్నాడు. ఆ గదిలో మళ్లీ ఇలా పడితే గుండె తట్టుకోదన్నాడు. ఇంట్లో ఉండిపోవడానికి మావయ్యకు వీల్లేదు. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే రోలరు దగ్గరికి రావాల్సినవాడే.

ఆ శుక్రవారమే పై హాల్లో సభ. అందరికంటే సంతోషంగా ఉన్న విభాగమని లాండ్రీకి షీల్డు ఇస్తారు. అది ఎంతో ముందే నిర్ణయమైపోయింది. బొంగరం చీటీలు రాయడం మానేసింది. సంచి ఖాళీగా వేలాడింది. ఆవిడ చేతులు దుప్పట్లు మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, అంచులు సరిపోయినా మళ్లీ విప్పుతున్నాయి.

"చీటీలన్నీ నేనే రాశానని చెబితే ఆ మేడమ్ పిల్ల ఉద్యోగం పోతుందేమో అన్నయ్యా. చెప్పకపోతే ఫ్యాను రాదు. సంతోషంగా ఉన్నవాళ్లకి ఫ్యానెందుకిస్తారు?" కౌంటరు ముందు అటూ ఇటూ తిరుగుతోంది. "నువ్వు ఇన్ని పుస్తకాలు చదివావు. ఏం చేయమంటావు?"

ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు. "కాస్త ఆలోచించు" అన్నాను. అన్ని పుస్తకాలూ కలిసి ఆ పూటకు నాకిచ్చింది ఆ రెండు ముక్కలే.

శుక్రవారం హాల్లో బొంగరం తప్ప మావాళ్లంతా కుర్చీల అంచున కూర్చున్నారు, వెనక్కి ఆనుకుంటే మాసిపోతాయేమో అన్నట్టు. మావయ్య కూడా నీరసంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మేడమ్ కొన్ని చీటీలు చదివింది. ముడత లేని దుప్పటి చీటీకి ఆసుపత్రి పెద్ద డాక్టరు చప్పట్లు కొట్టాడు. తర్వాత షీల్డు తీసుకోవడానికి బొంగరాన్ని పిలిచారు.

షీల్డు అందుకుని పక్కనున్న టేబులు మీద పెట్టింది. చేతిసంచిలోంచి ఫిర్యాదుల పుస్తకం తీసింది. మా మేకు ఖాళీగా ఉన్న సంగతి నేను అప్పటిదాకా గమనించలేదు.

"ఈ చీటీలు వీళ్లు రాసినవి కావు సార్. అన్నీ నేనే రాశాను. వీళ్లకి మంచి జరగలేదని కాదు. జరిగింది, నేను చూశాను. చూసిందే రాశాను. కానీ ఇవి రాస్తూ రాస్తూ ఇది రాయడం మానేశాను." పుస్తకం పైకెత్తింది. "వేడి తగ్గలేదు సార్. తగ్గిందని ఏ చీటీలోనూ లేదు. వంటగది ఫ్యాను తీసేయమనట్లేదు, వాళ్లకీ వేడే. మాకింకోటి కావాలి. మావయ్య సోమవారం మళ్లీ ఆ గదిలోకే పోవాలి."

"అంటే నాలుగు నెలలు అందరినీ మోసం చేశావన్నమాట" అన్నాడు మేనేజరు.

మేడమ్ లేచింది. "చేతిరాత ఒకటేనని నాకు మొదటి నెలలోనే తెలుసండీ. వాళ్లను అడిగి రాస్తోంది కదా, పర్లేదనుకున్నాను. సంతోషం ఎంతుందో కొలిచాను. ఆ గదిలో వేడి ఎంతుందో కొలవలేదు." కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మొదటిరోజే నా కళ్లజోడు మసకేసింది. తుడుచుకుని పైకొచ్చేశాను."

మావయ్య కుర్చీ పట్టుకుని లేచాడు. "నా చీటీ అబద్ధం కాదు సార్. ఆ దుప్పటి నేను చూశాను. ఈ బొంగరం రాసేదాకా, చూశానని నాకే తెలియదు. అంతే." తర్వాత బొంగరం వైపు తిరిగాడు, ఎప్పటిలాగే ఆటపట్టిస్తున్న గొంతుతో. "కానీ పిల్లా, అంత పెద్ద ఫ్యానుని ఎట్లా మర్చిపోయావే?"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. బిగుసుకున్న గాలి సడలింది. పెద్ద డాక్టరు కూడా నవ్వుతూనే పుస్తకం అందుకుని, అందులో తన చేత్తో ఏదో రాసి సంతకం పెట్టాడు. బొంగరం ఒక్కతే నవ్వలేదు. ఆవిడ చెయ్యి ముడిలోని పెన్ను దగ్గరికి పోయి అక్కడే ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఆగిపోగా చూసింది ఆ ఒక్కసారే.

ఫ్యాను వచ్చేదాకా మావయ్యను మడతల బల్ల దగ్గరే పెట్టమని పెద్ద డాక్టరు ఆర్డరు. ఆ ఆరు రోజులు ఆయన ఆవిడ పక్కనే నిలబడి గలీబులు మడతపెట్టాడు, జోకులు వేశాడు. ఆవిడ ముక్తసరిగా జవాబిచ్చింది. "నాదేం రాయలేదా ఇవాళ?" అని సోడాబుడ్డి అక్క అడిగితే, "నువ్వే రాసుకో అక్కా" అంది. ఆ అక్క చేతులు తుడుచుకుని పెద్ద పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి సంచిలో వేసింది. తర్వాత పక్కనున్న పుస్తకం కూడా తీసి, మూడో మిషను కింద నీళ్లు కారుతున్నాయని రాసింది.

ఏడోరోజు ఫ్యాను బిగించారు. పని ఆపి అందరూ ఇస్త్రీ గదిలోకి తోసుకుపోయారు. స్విచ్చి వేయగానే గదిలోని ఆవిరంతా గోడవైపు బారు కట్టి పోయింది. మడతపెట్టిన దుప్పట్ల అంచులు లేచి ఆడాయి. మావయ్య మధ్యలో నిలబడి తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. చిన్నపిల్లాడిలా మొహం పైకెత్తాడు.

బొంగరం లోపలికి వెళ్లలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఫ్యాను వైపు కాదు, ఆయన మొహం వైపు. నా కౌంటరు నుంచి అది నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత మడతల బల్ల దగ్గరికి వచ్చి, సగంలో వదిలిన దుప్పటిని అంచుకు అంచు సరిచూసి మడిచింది. టిఫిన్ డబ్బా కడుక్కుని చేతిసంచిలో సర్దుకుంది. గంట కొట్టడానికి ఇంకా చాలా టైముంది.

నా కౌంటరు దగ్గరికి వచ్చి ఆగకుండానే ఆగినట్టు నిలబడింది. ముడిలోంచి పెన్ను తీసింది. చినిగిన గౌను నాడా ఒకటి తెచ్చినట్టుంది, దాంతో పెన్నుని ఫిర్యాదుల పుస్తకానికి కట్టింది. ఇక ఎవరిది వాళ్లే రాసుకోవాలన్నట్టు గట్టి ముడి వేసి ఒకసారి లాగి చూసింది.

పంతొమ్మిదేళ్లుగా ప్రతి సాయంత్రం సరిగ్గా అక్కడే "వస్తానన్నయ్యా" అనేది. నేను పుస్తకం లోంచి తలెత్తకుండానే "ఊఁ" అనేవాణ్ణి. ఆ రోజు పుస్తకం మూసి, తలెత్తి, ఆ మాట కోసం చూశాను.

ఆవిడ నావైపు చూడలేదు.

లోపలి నుంచి మావయ్య కేక వినిపించింది. "బొంగరమేదే? పిలవండి దాన్ని! ఇటొచ్చి ఈ గాలి చూడమనండి!"

బయటికి పోయే ర్యాంపు మీద చెప్పుల చప్పుడు అప్పటికే సగం దూరం పోయింది. ఎక్కడా ఆగలేదు.